కీలు కీలుకూ ఒక సదఖా

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, మన పొరపాట్లకు ఆయన మన్నింపునే వేడుకుంటున్నాము. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (స) ఆయన దాసుడు, ఆయన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, ఆయన సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

విశ్వాస సోదరులారా! అల్లాహ్‌కు భయపడవలసిన విధంగా భయపడండని మీకూ, మీకంటే ముందు నాకూ ఉపదేశించుకుంటున్నాను. ఈ ఉపదేశం కారణంగానే నేటి ఖుత్బాను ఒక క్షమాపణతో ప్రారంభించవలసి వచ్చింది.

గత చలికాలంలో ఇదే మింబర్‌పై నుంచి నేనొక మాట అన్నాను. మస్జిద్‌లో కుర్చీలు పెరిగిపోతున్నాయి, బజారులో గంటల తరబడి నిలబడగలిగేవారు సైతం నమాజుకు వచ్చేసరికి కుర్చీ వెతుక్కుంటున్నారు అన్నాను. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఎవరిని ఉద్దేశించి అన్నానో వారు ఆ మాటను పట్టించుకోలేదు. ఎవరిని ఉద్దేశించలేదో ఆయన హృదయానికి అది తగిలింది. ఎడమవైపు స్తంభం పక్కన కూర్చొనే ఒక పెద్దాయన, నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి పిల్లలను పెంచిన దర్జీ, ఆ మరుసటి వారం నుంచి మస్జిద్‌కు రావడం మానేశారు. ఊరికి వెళ్ళి ఉంటారని నేననుకున్నాను. నెలలు గడిచాయి. ఒకనాడు ఆయన ఇంటి ముందు నుంచి పోతూ లోపలికి వెళ్ళాను.

“చాచా, మస్జిద్‌లో కనబడటం లేదు. ఆరోగ్యం బాగానే ఉందా?” అని అడిగాను.

“అల్‌హందులిల్లాహ్, బాగానే ఉంది మౌల్వీ సాబ్. మోకాళ్ళే మొరాయిస్తున్నాయి. కుర్చీ లేనిదే నాకు నమాజు సాగదు. కుర్చీలు ఎక్కువైపోయాయని తమరే అన్నారు గదా! నా ఒక్క కుర్చీ అయినా తగ్గుతుందని ఇంట్లోనే చదువుకుంటున్నాను” అన్నారాయన. నిష్ఠూరంగా అనలేదు, మస్జిద్‌కు మేలు చేస్తున్నానన్న భావంతోనే అన్నారు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆయన ఇంటి నుంచి మస్జిద్‌కు సుమారు మూడు వందల అడుగులు. రాకపోకలకు ఆరు వందలు. ఐదు పూటలకు మూడు వేలు. మస్జిద్ వైపు వేసే ఒక్కొక్క అడుగుతో విశ్వాసి అంతస్తు ఒకటి పెరుగుతుందని, ఒక పాపం తొలగుతుందని మన ప్రవక్త (స) శుభవార్త వినిపించారు. నా ఒక్క వాక్యం ఆయన నుంచి రోజుకు మూడు వేల అడుగులను లాగేసుకుంది. ఆ పుణ్యఫలం సంగతి అల్లాహ్‌కు తెలుసు. శరీరం సంగతి నా కళ్ళకే కనిపించింది. ఎనిమిది నెలలలో ఆయన తొడలు సన్నబడ్డాయి. కర్ర లేకుండా మస్జిద్‌కు వచ్చిన మనిషి ఇప్పుడు మంచం నుంచి వంటింటి దాకా గోడ పట్టుకొని నడుస్తున్నారు. నేను ఆయనను క్షమాపణ కోరాను, ఆయన మన్నించారు. నేడు మీ అందరి సమక్షంలో మరొకసారి కోరుతున్నాను. బహిరంగంగా చేసిన తప్పును బహిరంగంగానే దిద్దుకోవాలి గదా!

సోదరులారా! వార్ధక్యం అల్లాహ్ నిర్ణయించిన దశ. సూరా రూమ్‌లో అల్లాహ్ మానవుని జీవితాన్ని మూడు మెట్లుగా వర్ణించాడు: బలహీనత, దాని తరువాత బలం, బలం తరువాత మళ్ళీ బలహీనతా నెరసిన జుట్టూ. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) తన ప్రభువుతో మొరపెట్టుకున్నప్పుడు మొట్టమొదట విన్నవించుకున్నది తన ఎముకల బలహీనతనే. ఒక ప్రవక్త తన ఎముకల గురించి అల్లాహ్ సన్నిధిలో చెప్పుకున్నప్పుడు, మన మోకాళ్ళ గురించి మస్జిద్‌లో మాట్లాడుకోవడానికి సిగ్గుపడవలసింది ఏముంది?

ఎడారివాసులు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, మేము వైద్యం చేయించుకోవచ్చునా అని అడిగిన సంఘటన సునన్ గ్రంథాలలో ఉంది. చేయించుకోండి, అల్లాహ్ తాను కలిగించిన ప్రతి జబ్బుకూ మందును కూడా కలిగించాడు, ఒక్క దానికి తప్ప అని ఆయన సెలవిచ్చారు. ఆ ఒక్కటీ వార్ధక్యమే. ఈ హదీసును విని మనలో చాలామంది పొరపాటు పడతారు. మోకాలి నొప్పిని కూడా వార్ధక్యం ఖాతాలో వేసి, ఇక చేసేదేమీ లేదని మంచానికి అంకితమైపోతారు. డెబ్బై ఏళ్ళను మళ్ళీ నలభై చేసే మందు లేదు, నిజమే. కానీ డెబ్బై ఏళ్ళ మోకాలిని నడిపించే ఉపాయాలు ఉన్నాయి, వాటిని ఆశ్రయించమనే ఆదేశమూ ఆ హదీసులోనే ఉంది.

మోకాలిలో జరిగేదేమిటో కాస్త తెలుసుకుందాం. తొడ ఎముకా కాలి ఎముకా కలిసేచోట రెండింటి అంచులకూ నున్నని మెత్తని పొర ఒకటి ఉంటుంది. వైద్యులు దానిని మృదులాస్థి అంటారు, మన ఇళ్ళలో గుజ్జు అంటాము. వయసుతో, అధిక బరువుతో, పాత దెబ్బలతో, ఏళ్ళ తరబడి గొంతుకూర్చుని చేసిన పనులతో ఆ పొర పలుచనైపోతుంది. అంచులలో ఎముక కొత్త మొలకలు వేస్తుంది. కీలు బిగుసుకుంటుంది, నొప్పి పుడుతుంది. ఎక్స్‌రే చూసి “అరిగిపోయింది” అని వైద్యుడు అనగానే మన మనసులో బండి చక్రం మెదులుతుంది. తిరిగినకొద్దీ చక్రం అరుగుతుంది, కాబట్టి మిగిలినదాన్ని కాపాడుకోవాలంటే తిప్పడమే మానాలి అనుకుంటాము.

ఇక్కడే మన పొరపాటు. కీలు జీవం లేని చక్రం కాదు. ఆ మెత్తని పొరకు రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగట ద్రవమే దాని ఆహారం. కాలు మోపినప్పుడు ఆ పొర నొక్కుకుంటుంది, ఎత్తినప్పుడు విచ్చుకొని ద్రవాన్ని పీల్చుకుంటుంది, తడి స్పంజిలాగా. నడక ఆగితే దాని ఆహారమూ తగ్గుతుంది. పైగా మోకాలిని నిలబెట్టేది ఎముక ఒక్కటే కాదు, తొడ ముందు భాగంలోని పెద్ద కండరం. కదలని మనిషిలో అది త్వరగా సన్నబడుతుంది. అది సన్నబడితే బరువంతా నేరుగా కీలు మీదనే పడుతుంది. నొప్పి వల్ల కదలరు, కదలనందువల్ల కండరం పోతుంది, కండరం పోయినందువల్ల నొప్పి పెరుగుతుంది. మన దర్జీ చాచా ఎనిమిది నెలలలో తిరిగివచ్చిన వలయం ఇదే.

ఇప్పుడు ప్రవక్త మహనీయుని (స) ఒక ప్రవచనాన్ని గుర్తు చేసుకోండి. సూర్యుడు ఉదయించే ప్రతి దినమూ మనిషి కీళ్ళలో ప్రతి ఒక్క కీలుపైనా ఒక సదఖా ఉందని ఆయన బోధించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనంలో ఆ కీళ్ళ సంఖ్య 360 అని ఉంది. ఇద్దరి మధ్య న్యాయం చేయడం సదఖా, ఒకరిని వాహనం ఎక్కించడం సదఖా, మంచి మాట సదఖా, నమాజుకు వేసే ప్రతి అడుగూ సదఖా. దారిలోని ముల్లును తొలగించడమూ సదఖాయే. ఇవన్నీ కాకపోతే రెండు రకాతుల చాష్త్ నమాజు అన్నింటికీ సరిపోతుందని ‘ముస్లిం’ గ్రంథంలోని మరో హదీసులో ఉంది. కీలుకు చెల్లించవలసిన కృతజ్ఞత కదలికలోనే ఉందని ఈ హదీసును చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. అరిగిన కీలుపై సదఖా మాఫీ అని అందులో లేదు. అలాగని ఆ కీలు పడుచువాని కీలులా పనిచేసి తీరాలని కూడా లేదు.

అందుకే నమాజు విషయానికి వస్తున్నాను. ఐదు పూటల ఫర్జ్ నమాజులు 17 రకాతులు. ముఅక్కదా సున్నతులు 12, విత్ర్ 3 కలిపితే 32 రకాతులు, అంటే రోజుకు 64 సజ్దాలు. ఆరోగ్యవంతునికి ఇది అల్లాహ్ ప్రసాదించిన వరం. మోకాలు అరిగిన మనిషికి నేలపై నుంచి లేచే ప్రతి లేవడమూ ఒక కొండ ఎక్కడమే. ఆయనకు షరీఅత్ ఏ దారి చూపింది?

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మూలవ్యాధితో బాధపడుతూ తన నమాజు గురించి అడిగినప్పుడు ప్రవక్త (స) ఇచ్చిన సమాధానం ‘బుఖారీ’లో ఉంది. నిలబడి చేయి, చేతకాకపోతే కూర్చొని చేయి, అదీ చేతకాకపోతే పక్కకు పడుకొని చేయి. అంతే. ఈ మూడు మాటలలో మందలింపు లేదు, సందేహమూ లేదు. ఆ మహనీయుడు (స) గుర్రంపై నుంచి పడి కుడిపక్క గాయపడినప్పుడు స్వయంగా కూర్చొనే నమాజు చదివించారు. వయసు పెరిగి శరీరం బరువెక్కిన తరువాత నమాజు స్థలంలో ఒక స్తంభాన్ని ఏర్పాటు చేసుకొని దానికి ఆనుకొనేవారని హజ్రత్ ఉమ్మె ఖైస్ (రజి) తెలిపారు. రాత్రి నమాజును కూర్చొని ప్రారంభించి, ముప్పై నలభై ఆయతులు మిగిలి ఉండగా లేచి నిలబడి వాటిని పఠించి రుకూ చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఈ చివరి హదీసును వృద్ధులు జాగ్రత్తగా గమనించాలి. ఆయన నిలబడటాన్ని పూర్తిగా వదిలివేయలేదు, శక్తి మించి లాగనూ లేదు. ఉన్న శక్తిని తూచి, ఎక్కడ వెచ్చించాలో అక్కడ వెచ్చించారు.

కుర్చీ విషయంలో ఫిఖ్హ్ పండితులు చెప్పినదాన్ని క్లుప్తంగా మనవి చేస్తాను. స్వల్పమైన ఇబ్బంది కారణం కాదు. తీవ్రమైన నొప్పి, జబ్బు ముదురుతుందన్న భయం, పడిపోతామన్న భయం కారణాలే. సజ్దా చేయగలిగినవారు సజ్దాను వదలకూడదు. నేలపై కూర్చోగలిగినవారికి నేలే మేలు. కాళ్ళు ముడవలేకపోతే చాపుకొని అయినా కూర్చోవచ్చు. నేలపై కూర్చోవడమే సాధ్యం కానివారికి కుర్చీ అనుమతించబడింది. నిలబడగలిగీ సజ్దా మాత్రం చేయలేని వ్యక్తికి నిలబడటం తప్పనిసరి కాదని, కూర్చొని సైగలతో చదవవచ్చునని హనఫీ గ్రంథాలలో ఉంది. ఇతర మజ్‌హబ్‌ల పండితులు, నేటి హనఫీ పండితులలోనూ కొందరు, నిలబడగలిగినంతసేపు నిలబడే ఖియాం చేయాలని అంటారు. మోకాలి దృష్ట్యా చూసినా రెండవ పద్ధతిలో మేలుంది, లేచి నిలబడటమే తొడ కండరానికి వ్యాయామం. సైగలతో చదివేవారు సజ్దాకు రుకూ కంటే కొంచెం ఎక్కువగా వంగాలి. మొత్తం నమాజును కూర్చొని చదివేవారు కుర్చీ వెనుక కాళ్ళను సఫ్ గీతపై ఉంచాలి, అప్పుడు వెనుక సఫ్‌లోని వారికి సజ్దా స్థలం మిగులుతుంది. మీ మీ ప్రత్యేక పరిస్థితిని గురించి నమాజు తరువాత నన్నో మరొక ఆలిమ్‌నో అడగండి. ఊహించుకొని ఇంట్లో కూర్చోకండి.

వుజూ సంగతి కూడా ఉంది. వంగి కాలు కడుక్కోలేక వుజూ సమయంలోనే జారిపడినవారు మన మధ్య ఉన్నారు. పూర్తి వుజూతో తొడిగిన తోలు మేజోళ్ళపై స్థానికుడు ఒక పగలూ ఒక రాత్రీ మసహ్ చేసుకోవచ్చు. ఇది ప్రవక్త (స) సున్నత్. మన పెద్దలలో చాలామంది దీనిని హజ్ ప్రయాణానికి మాత్రమే పరిమితమైన సౌకర్యమని అనుకుంటున్నారు.

ఇక ఇంటి వద్ద చేయవలసినవి. నేను వైద్యుడిని కాను. ఫిజియోథెరపీ నిపుణులు సాధారణంగా నేర్పే వాటినే మనవి చేస్తున్నాను. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చొని ఒక కాలిని నిటారుగా చాపి, ఐదు లెక్కపెట్టేంతసేపు ఉంచి నెమ్మదిగా దించండి. ఒక్కొక్క కాలికి పదిసార్లు. తరువాత అదే కుర్చీలో నుంచి చేతుల సాయం వీలైనంత తగ్గించి లేచి నిలబడండి, నెమ్మదిగా కూర్చోండి. మొదట ఐదుసార్లు చాలు. మంచంపై పడుకున్నప్పుడు మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దానిని కిందికి నొక్కండి. చదునైన నేలపై పది నిమిషాల చొప్పున రోజుకు రెండుమూడుసార్లు నడవండి. కొంచెం నొప్పి కలిగితే భయపడవద్దు. మరుసటి ఉదయానికి అది మునుపటి స్థితికి వస్తే మీరు చేసినది సరైన పరిమాణంలోనే ఉంది. మరుసటి రోజు వాపు కనిపిస్తే సగానికి తగ్గించండి, పూర్తిగా మానవద్దు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ కొంచెమైనా సరే నిరంతరం సాగేదని మన ప్రవక్త (స) బోధించారు. మోకాలి విషయంలో ఈ బోధను అక్షరాలా పాటించవచ్చు. శుక్రవారం ఒక్కరోజు గంటసేపు నడిచి మిగిలిన ఆరు రోజులూ పడుకొనేవారికి దానివల్ల నొప్పే మిగులుతుంది.

మనవారిలో దాదాపు అందరూ తప్పుగా చేసే పని ఒకటి ఉంది. చేతికర్రను నొప్పి ఉన్న కాలివైపే పట్టుకుంటారు. అది ఎదుటి చేతిలో ఉండాలి. కుడి మోకాలు నొప్పి అయితే ఎడమ చేతిలో కర్ర. కుడికాలు వేసేటప్పుడు కర్ర కూడా ముందుకు రావాలి. కర్ర ఎత్తు నిలబడినప్పుడు మణికట్టు దగ్గరకు రావాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. కర్ర పట్టడం నామోషీ అనుకొనేవారికి ఒక మాట: సూరా తాహాలో అల్లాహ్ హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను ఆయన చేతిలో ఉన్నదేమిటని అడిగినప్పుడు, ఆయన తన కర్ర గురించి మొట్టమొదట చెప్పిన ప్రయోజనం దానిపై ఆనుకోవడమే.

శరీర బరువు మాట చెప్పక తప్పదు, వలీమా విందుల కాలంలో చెబితే ఎవరికీ నచ్చకపోయినా. ఒంట్లో ఒక కిలో బరువు తగ్గితే, నడిచేటప్పుడు అడుగు అడుగుకూ మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఐదు కిలోలు తగ్గిన మనిషి మస్జిద్‌కు వచ్చే మూడు వందల అడుగులలో ప్రతి అడుగునా ఇరవై కిలోల మూటను దించుకొని వస్తున్నాడన్నమాట. మందుల దుకాణంలో ఏ మాత్రా ఇంత పని చేయదు.

మాత్రల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. చీటీ లేకుండా దుకాణంలో కొని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారికి మరింత ప్రమాదం. పేరులేని పొట్లాలలో, “ఆకుమందు” పేరిట సంతలలో అమ్మే పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలు బయటపడ్డాయి. రెండు రోజులలో నొప్పి మాయమవుతుంది, కొన్ని నెలలలో ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నూనె మర్దనా సుఖాన్నిస్తుంది, చేయించుకోండి. అది గుజ్జును మొలిపిస్తుందని మాత్రం ఆశించవద్దు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే, లేదా కాలు అసలు మోపలేకపోతే అది మామూలు అరుగుదల కాదు. ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

ఇన్ని చేసినా రాత్రి నిద్ర పట్టనంత నొప్పి మిగిలినవారికి కీలు మార్పిడి శస్త్రచికిత్స ఉంది. మన బస్తీలో ఒక వృద్ధ సోదరి పిల్లలు సిద్ధమైనా తాను సిద్ధం కాలేదు. “ఆపరేషన్ తరువాత నేలపై తల పెట్టలేనంటున్నారు. సజ్దా లేని కాళ్ళు నాకెందుకు బేటా?” అని ఆమె నా భార్యతో అన్నారట. ఆ మాటలోని ఈమాన్ ముందు నేను తలవంచుతాను. కానీ ఆ నిర్ణయంతో ఏకీభవించను. ఆమె ఇప్పటికే సజ్దా చేయలేకపోతున్నారు. ఎవరినైనా వారి శక్తికి మించి బాధ్యుణ్ణి చేయనని సూరా బఖరా చివరిలో అల్లాహ్ వాగ్దానం చేశాడు. మనిషి జబ్బుపడితే ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యమే అతనికి వ్రాయబడుతుందని ‘బుఖారీ’లోని హదీసు. అరవై ఏళ్ళు నేలపై తల ఆనించిన ఆ తల్లి లెక్కలో ఆ సజ్దాలు కుర్చీలో కూర్చున్నా వ్రాయబడతాయని అల్లాహ్ కృపపై మనకు ఆశ ఉంది. ఇన్షా అల్లాహ్, ఆమె ఆ కాళ్ళతో వంటింట్లోకి, అంగట్లోకి, ఇరుగుపొరుగు రోగుల పరామర్శకు వెళ్ళగలుగుతారు.

స్త్రీలలో ఈ వ్యాధి పురుషులలో కంటే ఎక్కువ. నేలపై కూర్చొని బీడీలు చుట్టి సంసారాలు నిలబెట్టిన తల్లులు నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో ఎంతమంది లేరు! వారికి మస్జిద్‌కు నడిచే ఆ మూడు వేల అడుగులు కూడా లేవు. పైగా కొడుకులూ కోడళ్ళూ ప్రేమతోనే అంటారు, “మీరు కూర్చోండి అమ్మీ, మేం చేస్తాం గదా” అని. తల్లిదండ్రులు వార్ధక్యానికి చేరినప్పుడు విసుక్కునే చిన్నమాటైనా అనవద్దని, వారిపై వినయపు రెక్కలు చాచమని అల్లాహ్ ఆదేశించాడు. రెక్కలు చాచడమంటే పంజరం కట్టడం కాదు. బరువులు మీరు ఎత్తండి. కూరగాయలు తరగడం, మొక్కలకు నీళ్ళు పోయడం, మనవరాలి చేయి పట్టుకొని వీధి చివరిదాకా వెళ్ళడం వారికి వదలండి. నేలపీటకు బదులు ఎత్తుపీట వేయండి. సాయంత్రం మీరే చెప్పులు తొడుక్కొని, “రండి అమ్మీ, కాస్త నడిచి వద్దాం” అనండి. డబ్బు పంపడం కంటే ఈ పదిహేను నిమిషాలు కష్టం, ముఖ్యంగా దూరదేశాలలో ఉద్యోగాలు చేస్తున్న కుమారులకు. అలాంటివారు ఇంట్లో ఉన్న తమ్ముణ్ణి అయినా పురమాయించాలి.

హజ్, ఉమ్రాలకు సంకల్పించిన పెద్దలకు ఒక మాట. సఫా మర్వాల మధ్య ఏడు మార్లు నడిస్తే మూడు కిలోమీటర్లకు పైగా అవుతుంది, తవాఫ్ దానికి అదనం. ఇద్దరు కుమారుల భుజాలపై ఆనుకొని కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న ఒక వృద్ధుణ్ణి చూసి ప్రవక్త (స) సంగతేమిటని అడిగారు. నడిచి వెళతానని మొక్కుకున్నాడని చెప్పారు. ఇతడు తనను తాను హింసించుకోవలసిన అవసరం అల్లాహ్‌కు లేదని, వాహనం ఎక్కమని ఆజ్ఞాపించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అనారోగ్యంగా ఉన్నప్పుడు వాహనంపైనే తవాఫ్ చేయమన్నారు. అక్కడ చక్రాల కుర్చీ ఎక్కడం లోపం కాదు. కానీ దరఖాస్తు పెట్టిన నాటి నుంచే రోజూ కొంచెం కొంచెంగా నడక పెంచుకుంటే కొన్ని చుట్లయినా సొంత కాళ్ళతో తిరిగే భాగ్యం దక్కవచ్చు.

యువకులారా! వృద్ధుని కుర్చీని చూసి నవ్వుకున్నవారు మీలో ఉన్నారు. నేను విన్నాను. మీ మోకాళ్ళు కూడా సూరా రూమ్‌లోని మూడవ మెట్టుకు చేరవలసినవే. బలం ఉన్నప్పుడు మీరు వేసే అడుగులే రేపు కుర్చీలో కూర్చున్నప్పుడు మీకు వ్రాయబడతాయి. ఇప్పుడే ఫజ్ర్‌కు రానివారికి అప్పుడు వ్రాయడానికి ఏముంటుంది?

మస్జిద్ కమిటీ సోదరులతో సంప్రదించి కొన్ని పనులు ప్రారంభించాం. వుజూఖానాలో నాలుగు ఆసనాలను ఎత్తు చేసి, పక్కన పట్టుకోవడానికి కడ్డీలు అమర్చుతున్నారు. మరుగుదొడ్లలో రెండింటికి కమోడ్లు వస్తున్నాయి. మెట్ల పక్కన రెండు వైపులా పట్టుగొట్టం బిగిస్తారు. కుర్చీలు ఇకమీదట ఒక మూలన పోగుపెట్టి ఉండవు, ప్రతి సఫ్‌కు రెండు చివరలా ఉంటాయి. తరావీహ్‌లో ఎనిమిది రకాతులు నిలబడి మిగిలినవి కూర్చొని చదవదలచిన పెద్దలు నిస్సంకోచంగా అలాగే చేయాలి. ఈ పనులకు ఇవ్వదలచినవారు బయట పెట్టెలో వేయండి.

ఇక ఆ దర్జీ చాచా విషయం. నెల రోజులుగా ఆయన అసర్‌కు వస్తున్నారు. మొదట మనవడి మోటారు సైకిలుపై వచ్చారు, ఇప్పుడు కర్ర పట్టుకొని, దారిలో పాన్‌డబ్బా దగ్గర ఒకసారి ఆగి, నడిచే వస్తున్నారు. మగ్రిబ్ దాకా ఇక్కడే కూర్చొని వెళుతున్నారు. ఇషాకూ ఫజ్ర్‌కూ ఇంకా రాలేకపోతున్నారు, చీకట్లో ఆ వీధి గుంతలు ఆయనకు భయం. ఆ సందులో ఉంటున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆయనతో పాటు నడిచి వచ్చే బాధ్యత తీసుకుంటే బాగుంటుంది. పేర్లు నేను చెప్పను, వారికి తెలుసు.

ఓ అల్లాహ్! మా వృద్ధుల కీళ్ళకు కదలికను, వారి హృదయాలకు స్థైర్యాన్ని ప్రసాదించు. నొప్పితో వారు గడిపిన ప్రతి రాత్రినీ వారి పాపాల ప్రక్షాళనగా స్వీకరించు. ఇళ్ళలో మంచాలపై ఉన్న మా తల్లులకు, తండ్రులకు స్వస్థత చేకూర్చు. శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారిని నీ రక్షణలో ఉంచు. మాట తూలి నీ దాసులను నీ ఇంటి నుంచి దూరం చేసిన నాలుకలను, ముందుగా నా నాలుకను, మన్నించు. ఆమీన్.

సఫ్‌లు సరిచేసుకోండి. కుర్చీలలో ఉన్న పెద్దల పక్కన ఖాళీ వదలకండి, వారి భుజానికి ఆనుకొని నిలబడండి.